రోగి రహస్యము, నర్సు ధర్మము

ఆసుపత్రికి వచ్చు రోగి తఱచుగా రెండు రోగములతో వచ్చును. ఒకటి చీటిపై వ్రాయించుకొనునది. రెండవది ఎవరికిని చెప్పక కడుపులో దాచుకొనునది. కాలు విఱిగినదని చెప్పును. ప్రతిదినము సాయంకాలము సారా పుచ్చుకొననిదే చేయి వణకునని చెప్పడు. మధుమేహమని చెప్పును, దాంపత్యసుఖము నశించి రెండేండ్లయినదని చెప్పడు. తెల్లబట్ట యగుచున్నదని చెప్పుటకే స్త్రీ వెఱచును. పెనిమిటి దూరదేశమునుండి వచ్చిన పిమ్మటనే యది మొదలైనదని అసలే చెప్పదు. ఈ దాచిన రోగము పెక్కుమారులు చెప్పిన రోగముకంటె ప్రమాదకరమగును. వైద్యుడు ఉదయమొకసారి వచ్చి, చీటి చూచి, మందు వ్రాసి పోవును. రాత్రి రెండుగంటలవేళ చెమటపట్టి వణకుచున్న రోగిని చూచునది, పుండు కడుగునది, మూత్రపు గొట్టము నమర్చునది, పక్క మార్చునది నర్సు. దాచిన రోగము మొట్టమొదట బయటపడునది ఆమె కంటికే. ఈ విషయమున ఆమెకేమి నేర్పితిమి, ఏ వసతు లిచ్చితిమి, ఎట్టి గౌరవము చూపితిమి అను ప్రశ్నను మా పాఠకుల యెదుట నేడు పెట్టదలచితిమి.

ఇట్టి సంగతులను పత్రికాముఖమున చర్చించుట ఉచితమా యని కొందఱు పెద్దలు సంకోచింపవచ్చును. ఆ సంకోచము మాకును లేకపోలేదు. కాని గృహమున మాటాడరాదు, బడిలో మాటాడరాదు, పత్రికలో మాటాడరాదు అని మనమందఱము నోరు మూసికొన్నందువలన ఆ భారమంతయు చివరకు ఇరువది యిద్దఱు, ఇరువది ముగ్గురేండ్ల వయస్సుగల యొక పడుచు నర్సుపై పడుచున్నది. ఊరంతయు సిగ్గుపడి విడిచిన ప్రశ్నను ఆమె మాత్రము సిగ్గుపడక అడుగవలెనని కోరుట న్యాయము కాదు.

మొదట మద్యపానము సంగతి చూతము. ఒక రైతు గట్టుపైనుండి జారిపడి తుంటి యెముక విఱిగి ఆసుపత్రిలో చేరినాడనుకొందము. శస్త్రచికిత్స చక్కగా జరిగినది. మఱునాడు చేతులు వణకును, ఒడలెల్ల చెమటలు పట్టును, నిద్ర రాదు. మూడవనాటికి లేనివారిని ఉన్నట్లు చూచును. గోడపై పురుగులు ప్రాకుచున్నవని కేకలువేయును. కట్టు విప్పి లేచిపోవ జూచును. బంధువులు గాలి సోకినదందురు. మఱికొందఱు మత్తుమందు వికటించినదందురు. నిజమేమనగా, ఏండ్లతరబడి నిత్యము మద్యమునకు అలవడిన మెదడు, అది ఒక్కసారిగా ఆగిపోయినపుడు అదుపు తప్పును. ఆగిన కొన్ని గంటలలోనే వణకు మొదలగును. ఒకటి రెండు దినములలో మూర్ఛలు రావచ్చును. రెండు మూడు దినములలో ఈ ఘోరమైన మతిభ్రమ కలుగును. సకాలమున కనిపెట్టినచో తగిన మందులతోను, బి1 విటమినుతోను దీనిని ఆపవచ్చును. ఉపేక్షించినచో ప్రాణము పోవుటయు కలదు. దీనికి చేయవలసిన మొదటిపని యంత్రముతో కూడినది గాదు, ధనముతో కూడినదియు గాదు. రోగి చేరిననాడే ఎవరో యొకరు అతని ప్రక్కన కూర్చుండి, “పెద్దాయనా, రోజూ కల్లుగాని సారాగాని పుచ్చుకొను అలవాటున్నదా? కడపట ఎప్పుడు పుచ్చుకొంటిరి? తప్పు పట్టుట కడుగుట లేదు, మందు సరిచూచుట కడుగుచున్నాను” అని అడిగిన చాలును. ప్రపంచ ఆరోగ్యసంస్థ యిందుకై పది ప్రశ్నల పట్టిక నొకదానిని చిరకాలము క్రిందటనే సిద్ధపఱచినది. ఆ పది ప్రశ్నలకు పట్టు కాలము కొద్ది నిమిషములు మాత్రమే.

ఇది యెచ్చటనో దూరదేశపు ముచ్చట గాదు. 2019 లో భారతప్రభుత్వము ప్రకటించిన మాదకద్రవ్యముల సర్వే ననుసరించి మన దేశమున మద్యము సేవించువారు సుమారు 16 కోట్లమంది. వారిలో 5 కోట్లకు పైబడినవారు ఆ యలవాటువలన హాని పొందుచు సహాయము కావలసిన స్థితిలో నున్నారు. 2015 లో తెలంగాణమున కల్తీకల్లుపై ప్రభుత్వము పట్టుబిగించినపుడు జరిగినది మఱవరానిది. కల్లులో ఆల్ప్రజోలాము వంటి నిద్రమందులు కలిపి అమ్ముచుండుటచేత, త్రాగువారు తమకు తెలియకయే ఆ మందులకు బానిసలైరి. కల్తీ ఆగినంతనే నిజామాబాదు, మహబూబునగరము జిల్లాలలో కూలినాలిచేసికొను స్త్రీపురుషులు వణకుచు, మూర్ఛలతోను మతిభ్రమతోను ఆసుపత్రులకు వచ్చిరి. వీరిలో పెక్కురకు తాము త్రాగినదేమో తెలియదు. అట్టివారి పక్కచెంత నిలిచిన నర్సులకు ఏ చట్టముకంటెను, ఏ ఉపన్యాసముకంటెను, వ్యసనము రోగమని తెలిసియుండుట ముఖ్యమైనది. దేశశాసనము సయితము ఇట్లే చెప్పుచున్నది. 2017 నాటి మానసిక ఆరోగ్యరక్షణ చట్టము మద్యము, మాదకద్రవ్యముల దుర్వినియోగమువలన కలుగు మానసికస్థితులను రోగములలోనే చేర్చి, ఆ రోగి సంగతులను గోప్యముగ నుంచుట అతని హక్కని నిర్ణయించినది.

ఐనను మన ఆసుపత్రులలో “త్రాగి తెచ్చుకొన్నావు, అనుభవింపుము” అను మాట వినబడుచునే యున్నది. ఇందు నర్సుల తప్పు లేదని మేము చెప్పము. కొందఱు కసరుదురు, కొందఱు ముఖము త్రిప్పుకొందురు. త్రాగుబోతు భర్త యింటిలో నున్న నర్సుకు త్రాగుబోతు రోగిపై జాలి కలుగుట యెంత కష్టమో మేమెఱుగుదుము. సారాకు వ్యతిరేకముగ 1992 లో నెల్లూరుజిల్లా దూబగుంటనుండి లేచిన స్త్రీల యుద్యమము ఆ కష్టమునుండియే పుట్టినది. కాని అంగడిపై ఆగ్రహము వేఱు, పక్కమీది రోగిపై ఆగ్రహము వేఱు. తిట్టుతిన్న రోగి త్రాగుడు మానడు, ఆసుపత్రి మానును. చీటి చింపి యింటికిపోయి, మఱల వచ్చునప్పటికి కాలేయము చెడి, కడుపులో నీరు పట్టి, చేతికందని స్థితిలో వచ్చును.

ఇక సుఖవ్యాధులు, దాంపత్యజీవనమునకు సంబంధించిన బాధలు. ఏ దేశపు నర్సుల యభిప్రాయములను విచారించినను ఒకే చిత్రమైన సంగతి కానవచ్చుచున్నది. రోగి అడుగునేమో యని నర్సు ఎదురుచూచును. నర్సు అడుగునేమో యని రోగి ఎదురుచూచును. ఇరువురును ఎదురుచూచుచుండగనే చీటిపై ‘విడుదల’ యని వ్రాయబడును. ఎందుకడుగవమ్మా యని నర్సులను ప్రశ్నించినచో వారు చెప్పు కారణములు త్రోసివేయదగినవి కావు. రోగి కోపించునేమో; ప్రక్కపక్కవాడు వినునేమో; పురుషరోగి తన ప్రశ్నకు వేఱర్థము తీసికొని వెకిలిగ మాటాడునేమో; అడిగిన పిమ్మట అతనిని ఎవరియొద్దకు పంపవలెనో; అసలు అడుగుటకు తీఱిక యెక్కడ? ఇవి సిగ్గరితనపు సాకులు గావు. ఇవి వారి పనిలోని నిత్యానుభవములు.

అడుగకపోవుటవలని నష్టము ఎంతటిదో యొక్క యుదాహరణము చాలును. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతటికిని నూటికి మువ్వురు కాగా, ఆంధ్రప్రదేశమున సుమారు తొమ్మండుగురు, తెలంగాణమున సుమారు ఎనమండుగురు. దేశములోకెల్ల హెచ్చుగ ఈ చికిత్స మన తెలుగు స్త్రీలకే జరిగినది. తెల్లబట్ట, నడుమునొప్పి వంటి బాధలకే కోతకు సిద్ధపడినవారు వీరిలో లేకపోలేదు. ఆ బాధలలో అనేకములు పదునైదు దినముల మందుతో మానదగినవని, అండాశయములు కూడ తీసివేసినచో ముప్పదియైదేండ్లకే ముట్లుడుగు బాధలు మొదలగునని, తరువాతి దాంపత్యజీవనమున కలుగు మార్పు లిట్టివని, ఆ స్త్రీలకు తెలుగులో, చెవిదగ్గఱ, నెమ్మదిగ చెప్పిన వారెవరు? చెప్పదగినది నర్సు. ఆమె చెప్పియుండినచో కొన్ని కోతలు తప్పియుండెడివి. తప్పని చోట స్త్రీ తెలిసి యొప్పుకొనియుండెడిది.

సుఖవ్యాధులకు చికిత్స లేదని యెవరును అనజాలరు. జిల్లా ఆసుపత్రులలో ‘సురక్షా క్లినిక్కు’ లను పేర ఉచితచికిత్స యేర్పాటైయున్నది. లక్షణముల ననుసరించి వెంటనే యిచ్చుటకై ఏడురంగుల మందుపొట్లములు సిద్ధముగ నుండును. కాని పొట్లము నందుకొనుటకు రోగి ఆ గుమ్మము దాటవలెను గదా! వరండాలో నలుగురిలో “ఆ రోగమువారు ఇటు రండు” అని యొక్క కేక వేసినచో, ఆ రోజు వచ్చినవాడు మఱల రాడు. వాని భార్య అసలే రాదు. ఆ వ్యాధి ఆ యింటిలోనే నిలిచిపోవును. ఏడురంగుల పొట్లములకంటె ఒక్క తలుపు, ఒక్క తెర, ఒక్క మెత్తని మాట అచ్చట హెచ్చు పనిచేయును.

నర్సు ధర్మమునకు కఠినమైన పరీక్ష ఎయిడ్సు విషయమున కలుగుచున్నది. ఈ వ్యాధిక్రిమి మన దేశమున నున్నట్లు 1986 లో చెన్నపట్టణమున తెలియవచ్చినది. తరువాతి కాలమున ఉమ్మడి ఆంధ్రప్రదేశము ఈ పీడ హెచ్చుగనున్న రాష్ట్రములలో నొకటియయ్యెను. 2004 ఏప్రిలు 1 వ తేదీనుండి ప్రభుత్వము ఉచితముగ మందు లిచ్చుట ఆరంభించినది. నేడు ఆ మందులు క్రమముగ పుచ్చుకొను రోగి దీర్ఘాయువుగ బ్రతుకవచ్చును. రక్తమున క్రిమి లెక్కకు రానంతగ తగ్గి నిలిచినచో, దాంపత్యమువలన ఇతరునకు అది సోకదు. వైద్యమింత ముందునకు పోయినను సిగ్గు మాత్రము 1986 లోనే నిలిచిపోయినది. కేసుషీటుపై ఎఱ్ఱసిరాతో గుర్తులు వేయుట, పక్కను మూలకు జరుపుట, వడ్డించువానికి సయితము తెలియునట్లు సైగలు చేయుట యిప్పటికిని పూర్తిగ పోలేదు.

ఈ దుర్నయమును మాన్పుటకే 2017 లో హెచ్.ఐ.వి., ఎయిడ్సు నివారణ నియంత్రణ చట్టము చేయబడి, 2018 సెప్టెంబరు 10 వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. రోగి తెలిసి యొప్పుకొననిదే పరీక్ష చేయరాదు. రోగి స్థితిని అతని సమ్మతిలేక వెల్లడింపరాదు. ఇంతవఱకు అందఱకు తెలిసినదే. కాని నర్సును కలవరపెట్టు నిబంధన మఱొకటి కలదు. జీవితభాగస్వామికి ఆ సంగతి చెప్పు అధికారము ఆ చట్టము వైద్యునకును, సలహాదారునకును మాత్రమే యిచ్చినది. అదియును రోగికి నచ్చజెప్పి, అతడు తానై చెప్పడని తేలిన పిమ్మట, చెప్పబోవుచున్నామని అతనికి ముందుగ తెలిపి చెప్పవలెను. చెప్పినందువలన స్త్రీకి కొట్లాటయో పరిత్యాగమో సంభవించునను భయమున్నచోట అసలే చెప్పరాదు.

ఇపుడొక దృశ్యము నూహింపుడు. భర్త పక్కమీద నున్నాడు. నర్సుకు సంగతి తెలియును. భార్య రాత్రింబవళ్లు ప్రక్కనే కూర్చుండి సేవచేయుచున్నది. ఆమె నర్సు చేయిపట్టుకొని, “అమ్మా, నీ చెల్లెలనుకొని చెప్పు, ఆయనకేమి జబ్బు?” అని అడిగినది. చెప్పినచో చట్టము నతిక్రమించినట్లు. చెప్పనిచో ఒక స్త్రీ ప్రాణమును జూదమున నొడ్డినట్లు. ఆ క్షణమున నర్సు మనస్సున జరుగు సంఘర్షణను ఏ పరీక్షాపత్రమును కొలువజాలదు. ఆ సందిగ్ధమునుండి బయటపడు మార్గము చట్టమునందే యున్నది. నర్సు నోట చెప్పనక్కఱలేదు; ఆమె ఊరకుండనుకూడ రాదు. ఆ దినమే వైద్యుని, సలహాదారుని ఆ పక్కయొద్దకు రప్పించి, భర్తకు నచ్చజెప్పించి, అతని నోటనే భార్యకు చెప్పించి, ఆమెకు పరీక్ష చేయింపవలెను. ఆ పని జరుగువఱకు విడువక పట్టుకొనుట నర్సు ధర్మము. ఐతే ఆమె పిలిచినపుడు వచ్చు వైద్యుడుండవలెను. సలహాదారుని కొలువు ఖాళీగ నుండరాదు. రహస్యమును కాపాడు బాధ్యతను నర్సుపై పెట్టి, ఆ రహస్యమువలన కలుగు ప్రమాదమును తొలగించు సిబ్బందిని ఇవ్వకుండుట ప్రభుత్వమునకు తగదు.

నర్సుకు గూడ ప్రాణమున్నదని మనము మఱచుచున్నాము. ఆ రోగికి వాడిన సూది గ్రుచ్చుకొన్నచో వ్యాధి సోకు ప్రమాదము సుమారు వేయింటికి మూడు. తక్కువయే, కాని ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టునా? రెండుగంటలలోగా నివారణమందు లారంభించుట ఉత్తమము. 72 గంటలు దాటినచో ప్రయోజన ముండదు. 28 దినములు విడువక పుచ్చుకొనవలెను. రక్షణసాధనములును, శిక్షణయు, ఈ మందులును సిబ్బందికి సమకూర్చుట ఆసుపత్రి విధియని ఆ చట్టమే చెప్పుచున్నది. మందుల పెట్టెకు తాళము వేసి తాళపుచెవి మఱునాటి ఉదయమువఱకు దొరకని ఆసుపత్రిలో, నర్సు రోగిని దూరముగ నుంచినచో ఆమెను నిందించు హక్కు మనకు లేదు. భయము తీఱిన చేయియే దయతో తాకగలదు.

మన నర్సుల స్థితికి చరిత్ర యున్నది. 1946 లో భోర్ సంఘము నివేదిక సమర్పించునాటికి బ్రిటిషు ఇండియాలో నర్సులు సుమారు 7,000 మంది మాత్రమే. 43 వేలమంది జనమునకు ఒక్క నర్సు. కులస్త్రీలు పరపురుషుని తాకరాదను భావముచేత మన యిండ్లనుండి ఈ వృత్తికి పోయినవారు కొలదిమంది; పోయినవారిని ఊరు తక్కువచూపు చూచినది. నేడు సంఖ్య పెరిగినది. చూపు మాత్రము పూర్తిగ మాఱలేదు. బోధనాసుపత్రిలో మువ్వురు రోగులకు, సామాన్యాసుపత్రిలో అయిదుగురు రోగులకు ఒక నర్సుండవలెనని భారత నర్సింగు మండలి ప్రమాణము. రాత్రివేళ ఏ పెద్ద ఆసుపత్రి వార్డులోనికైన పోయి చూచినవారికి ఆ ప్రమాణము కాగితముమీదిదని వేఱుగ చెప్పనక్కఱలేదు. నలుబదిమంది సెలైనుసీసాలు చూచు నర్సును, ఒక్కని ప్రక్కన పదినిమిషములు కూర్చుండి అతని మనస్సు విప్పింపుమనుట ఎట్లు సాధ్యము?

కావున మేము కోరునది స్పష్టము. 1947 నాటి భారత నర్సింగు మండలి చట్టమునకు మాఱుగ 2023 లో పార్లమెంటు నూతన చట్టమును చేసినది. ఆ చట్టముక్రింద పాఠ్యక్రమమును నిర్ణయించువారు, సుఖవ్యాధులు, దాంపత్యబాధలు, వ్యసనములు అను మూడింటిని గూర్చి రోగిని ప్రశ్నించు అభ్యాసమును ప్రతి విద్యార్థినిచేతను, ప్రతి విద్యార్థిచేతను మాతృభాషలో చేయింపవలెను. గ్రంథమున అధ్యాయముండుట చాలదు, నోరు తిరుగవలెను. ఆంగ్లములో నేర్చిన ప్రశ్న తెనుగున అడుగబోయినపుడు అది తిట్టువలె ధ్వనించుట నర్సులందఱకు అనుభవమే. మర్యాద చెడక, అర్థము చెడక పలుకదగిన తెలుగుమాటలను వైద్యులు, నర్సులు, భాషావేత్తలు కూడి యేర్చి కూర్చవలెను. రెండవది, ప్రతి వార్డునకును తలుపుగల యొక చిన్నగది యుండవలెను. మూడవది, పురుషరోగులను పురుషనర్సులడుగు నేర్పాటు సాధ్యమైనంతవఱకు చేయవలెను. నర్సుతో వెకిలిగ ప్రవర్తించిన రోగిగాని, బంధువుగాని శిక్ష తప్పించుకొనరాదు. నాలుగవది, ఖాళీకొలువులను నింపవలెను.

ఇది ప్రభుత్వముచేతనే కావలసిన పని యని మా పాఠకులు చేతులు ముడుచుకొనరాదు. ఊళ్లలోని పెద్దరైతులు, పట్టణములలోని వకీళ్లు, వర్తకులు ఆసుపత్రి అభివృద్ధిసంఘములలో సభ్యులుగ నున్నారు. విరాళములిచ్చి తమ పెద్దల పేర చలువరాతి ఫలకములు పెట్టించుచున్నారు. ఆ ధనముతో ఈసారి ఒక తెర, ఒక గది, ఒక తలుపు కట్టింపుడు. అందుపై పేరు లేకున్నను ఫలమెక్కువ. ఇంకొక మాట. మీ పాలేరు కల్లుదుకాణముచెంత పడియున్నాడని నవ్వుదురు. మీ కుమారుడు పట్టణమున చదువుచు గంజాయికి అలవడినచో గదిలో పెట్టి తాళము వేయుదురు. ఇరువురిదియు ఒకే రోగము; ఇరువురికిని కావలసినది ఒకే పరిచర్య. మీ యింటి గౌరవము దాచుటవలన నిలువదు. మీవాడు బ్రతుకుటవలన నిలుచును.

చివరకు మా నర్సు సోదరీసోదరులకొక మనవి. వెయ్యిమంది చూడని దానిని మీరొక్కరే చూచుచున్నారు. రోగి తన తల్లికి, భార్యకు చెప్పనిదానిని మీకు చెప్పుచున్నాడు. అట్టి విశ్వాసము దేవాలయమున అర్చకునకును దొరకనిది. దానిని నవ్వుగ మార్చి కాఫీవేళ పంచుకొనకుడు. కోపముగ మార్చి రోగిపై విసరకుడు. మీకు కావలసిన గది, కాలము, శిక్షణ, రక్షణలకై మీరు నోరెత్తి యడుగుడు. ఆ యడుగుటలో దేశము మీ పక్షమున నిలువవలెనని, నిలుచునని మేము ఆశించుచున్నాము.